కీచురాళ్ల పొడి భూమికి మంచిదా? ముందు అవి ఏం తిన్నాయో అడగండి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. మీ తమ్ముడు జిమ్ కోసం తెప్పించుకున్న ప్రొటీన్ బార్‌లో కీచురాళ్ల పొడి ఉంది, దాని మీద "మాంసం కన్నా భూమికి ఎన్నో రెట్లు మేలు" అని రాసి ఉంది, అది నిజమేనా అన్నది మొదటిది. నిజమే అయితే అనంతపురం దగ్గర ఖాళీగా పడి ఉన్న మీ పాత కోళ్ల షెడ్డులో కీచురాళ్లు పెంచొచ్చా అన్నది రెండోది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ పొడి గొడ్డు మాంసం బదులు తింటే భూమికి మేలే, అందులో అనుమానం లేదు. చికెన్ బదులు తింటే కొంత మేలు ఉంది గానీ ప్యాకెట్ మీద రాసినంత లేదు. పప్పు బదులు తింటే మాత్రం ఎదురు నష్టం. ఎందుకో చెప్పాలంటే దాణా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అది నా వృత్తి కూడా కాబట్టి కాస్త ఎక్కువగానే చెబుతాను, ఓపిక పట్టండి.

నేను కోళ్ల దాణాకి ఫార్ములాలు రాసే పనిలో ఉన్నదాన్ని. గోదావరి జిల్లాల లేయర్ ఫారాల (గుడ్ల కోళ్ల ఫారాల) దగ్గర పని నేర్చుకుని, తర్వాత కొన్నేళ్లు థాయ్‌లాండ్ ఈశాన్య భాగంలో (ఈసాన్ అంటారు), ఖోన్ కేన్ దగ్గర ఒక ఫీడ్ మిల్లులో ఉద్యోగం చేశాను. పురుగులు తినడం అక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే. కీచురాళ్లని పెంచడం మాత్రం కొత్త. ఖోన్ కేన్ యూనివర్సిటీ వాళ్లు 1998 ప్రాంతంలో పద్ధతి తయారుచేసి రైతులకి నేర్పారు. 2013లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్క తీసేసరికి ఆ దేశంలో దాదాపు 20 వేల కీచురాళ్ల ఫారాలున్నాయి. మా మిల్లుకి కోళ్ల రైతులతో పాటు వీళ్లూ కస్టమర్లే, అందుకే ఫీల్డ్ విజిట్లకి వెళ్లేదాన్ని.

ఫారం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి వెనక రేకుల కప్పు, దాని కింద సిమెంటు ఇటుకలతో నడుము ఎత్తు తొట్లు. లోపల మన కోడిగుడ్ల అట్టలే నిలువుగా పేర్చి ఉంటాయి, కీచురాళ్లు వాటి గుంటల్లో దాక్కుంటాయి. పైకి పాకి పారిపోకుండా తొట్టి అంచు చుట్టూ నున్నటి ప్లాస్టిక్ టేపు, పైన దోమతెర. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తారు, లేకపోతే చీమంత ఉండే పిల్లలు అందులో పడి చచ్చిపోతాయి. గుడ్లు పెట్టడానికి ఇసుక, ఊక కలిపి తడిపిన గిన్నెలు పెడతారు. గుడ్లు పెట్టిన గిన్నెని పట్టుకెళ్లి ఖాళీ తొట్టిలో పెడితే వారం పది రోజుల్లో పిల్లలు బిలబిలా బయటికొస్తాయి. ఆ గిన్నెలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అమ్ముడవుతాయి కూడా. పిల్లలు బయటపడ్డాక నలభై, నలభై అయిదు రోజులకి పంట చేతికొస్తుంది. అట్టలు దులిపి, కడిగి, ఉడకబెట్టి ఐసు పెట్టెలో వేసి సంతకి పంపిస్తారు. అడుగున మిగిలిన పెంట వరి పొలానికి, కూరగాయల మడికి పోతుంది. చూడ్డానికి చాలా ముచ్చటైన ఏర్పాటు. కూలీ తక్కువ, చోటు తక్కువ, ఇంట్లో ఆడవాళ్లే నడిపేస్తారు.

అయితే ఆ తొట్టిలో వేసే మేత మాత్రం మా బస్తాలోంచి వచ్చేదే. బస్తా మీద కీచురాయి బొమ్మ ఉన్నా లోపల ఉన్నది కోడిపిల్లల స్టార్టర్ దాణాకి దగ్గరి చుట్టం. 21 శాతం దాకా ప్రొటీన్, దానికోసం మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, కొంచెం చేపల పొడి. పంట తీసే ముందు ఆఖరి రోజుల్లో ఖర్చు కలిసొస్తుందని, రుచి కూడా బాగుంటుందని గుమ్మడికాయ ముక్కలో, కర్రపెండలం ఆకో వేస్తారు. అంతకుముందంతా బస్తా దాణాయే. థాయ్‌లాండ్‌కి వచ్చే సోయా ఎక్కువ భాగం బ్రెజిల్ నుంచి దిగుమతి అవుతుంది. అంటే ఈసాన్ పల్లెలో అచ్చమైన నాటు సరుకులా కనిపించే ఆ కీచురాయి పొట్టలో ఉన్నది సముద్రాలు దాటి వచ్చిన సోయా. అక్కడ ఏ అడవి కొట్టి ఆ సోయా వేశారు, ఆ చేపల పొడి కోసం ఏ సముద్రంలో వల వేశారు అన్నదంతా ఈ లెక్కలోకి వస్తుంది, రావాలి కూడా.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. కోపెన్‌హాగన్, ఖోన్ కేన్ యూనివర్సిటీల పరిశోధకులు కలిసి థాయ్ కీచురాళ్ల ఫారాన్ని అక్కడి బ్రాయిలర్ ఫారంతో పోల్చి 2017లో పేపర్ వేశారు. కీచురాళ్లదే పైచేయి అయింది. ఆ కీచురాళ్ల వల్ల పర్యావరణం మీద పడే భారంలో పెద్ద వాటా మాత్రం దాణా పండించడానిదే అని తేలింది.

ఇక మీ తమ్ముడి బార్ వెనకున్న ఆ "ఎన్నో రెట్లు" సంగతి. ఇంటర్నెట్లో తిరిగే ఒక బొమ్మ మీరూ చూసే ఉంటారు: కిలో బరువు పెరగడానికి గొడ్డుకి 10 కిలోల మేత, పందికి 5, కోడికి 2.5, కీచురాయికి 1.7. ఎఫ్ఏఓ 2013 రిపోర్టుతో ఈ అంకెలు ఊరూరా పాకాయి. గొడ్డు, పంది జోలికి నేను పోను గానీ, కోడి అంకె మన బ్రాయిలర్ రైతు ఎవరికి చూపించినా నవ్వుతాడు. ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ ఇచ్చిన పిల్లల్ని, దాణాని తీసుకుని కూలికి పెంచేవాడికి ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి పట్టిన దాణా) 2.5 వచ్చిందంటే ఆ బ్యాచ్‌కి గ్రోయింగ్ ఛార్జీ సంగతి దేవుడెరుగు, సూపర్‌వైజర్ వచ్చి దాణా బస్తాలు ఎక్కడికి పోతున్నాయని కూపీ లాగుతాడు. ఇప్పటి బ్రాయిలర్ 1.6, 1.7 దగ్గర ఆడుతోంది. అంటే బతికున్న బరువు లెక్కన కోడీ కీచురాయీ సమానం.

కీచురాయికి న్యాయంగా ఇవ్వాల్సిన మార్కు ఒకటుంది. దాని ఒంట్లో 80 శాతం దాకా తినే భాగమే. కోడిలో ఈకలు, ఎముకలు, పేగులు పోను 55 శాతం అని అదే రిపోర్టు లెక్క. ఆ ప్రకారం చూస్తే తినే కిలోకి కీచురాయికి పట్టే దాణా రెండు కిలోల పైచిలుకు, కోడికి మూడు కిలోల దగ్గర. తేడా ఉంది, మంచి తేడానే. ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో వేసుకునేంత మాత్రం లేదు.

ఇంకో చిన్న మెలిక, ఇది ల్యాబ్ వాళ్లకి మాత్రమే పట్టేది. ప్రొటీన్ కొలవడమంటే నిజానికి నత్రజని కొలిచి 6.25తో హెచ్చించడం. పురుగు పెంకులో ఉండే కైటిన్‌లో కూడా నత్రజని ఉంటుంది, అది ప్రొటీన్ కాకపోయినా ఆ లెక్కలో కలిసిపోతుంది. మీల్‌వార్మ్ (ఒక పెంకుపురుగు లార్వా) వంటి మూడు రకాల పురుగుల మీద పని చేసిన నెదర్లాండ్స్ పరిశోధకులు 2017లో ఆ 6.25 బదులు 4.76 వాడాలన్నారు. లేబుల్ మీద అంకె చూసి మురిసిపోయే ముందు మీ తమ్ముడికి ఈ మాట చెప్పండి.

"మరి పురుగులు చెత్త తిని పెరుగుతాయి కదా, వాటికి సోయా ఎందుకు?" అని మీకు అనుమానం రావాలి. అసలు ఆశంతా అక్కడే ఉంది, చిక్కు కూడా అక్కడే ఉంది. కాలిఫోర్నియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు 2015లో ఇదే పరీక్ష చేశారు. కీచురాళ్లలో కొన్నింటికి కోళ్ల దాణా పెట్టారు, కొన్నింటికి ఫ్యాక్టరీలో ఎంజైములతో ప్రాసెస్ చేసిన ఆహార వ్యర్థం, కొన్నింటికి పెద్దగా శుద్ధి చేయని ఊరి చెత్త, కొన్నింటికి ఎక్కువగా గడ్డితో చేసిన మేత. దాణా తిన్నవి బాగా పెరిగాయి, కానీ ప్రొటీన్ లెక్కలో కోడి కంటే చెప్పుకోదగ్గంత మెరుగేమీ లేదు. ప్రాసెస్ చేసిన వ్యర్థం తిన్నవి ఫరవాలేదు. ఊరి చెత్త, గడ్డి తిన్నవి 99 శాతానికి పైగా చేతికి రాకముందే చచ్చిపోయాయి. మా రైతుల దగ్గరా ఇదే చూశాను. దాణా ధర పెరిగినప్పుడు తవుడు, ఆకులతో నెట్టుకొద్దామని చూసిన తొట్లలో పురుగు సన్నగా, ఆలస్యంగా, సగం బరువుతో వచ్చేది. సంతలో ఆ సరుకు పక్కన పడేసేవాళ్లు.

చెత్తని నిజంగా ఇష్టంగా తినే పురుగు వేరే ఉంది, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ. దాని లార్వా కుళ్లిన పండ్లు, హోటల్ వ్యర్థాలు అన్నీ తింటుంది. దాన్ని ఎక్కువగా చేపలకి, కోళ్లకి, పెంపుడు కుక్కలకి మేతగా వాడుతున్నారు. పైగా యూరప్ చట్టం ప్రకారం పెంచే పురుగులు కూడా పశువుల కిందే లెక్క. వాటికి పెంట, హోటళ్ల ఎంగిలి, కబేళా వ్యర్థాలు పెట్టకూడదు. మనుషులు తినేదానికి ఆ జాగ్రత్త అవసరమే. కాకపోతే "చెత్త నుంచి ప్రొటీన్" అన్న కథ అక్కడితో చాలావరకు అయిపోతుంది. మళ్లీ గోధుమ తవుడు, ధాన్యం, సోయా దగ్గరికే వస్తాం.

వేడి గురించి కూడా చెప్పాలి. పురుగుకి ఒంట్లో సొంత వేడి ఉండదు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి కోడిలా మేత తగలెయ్యదు, అదే దాని గొప్ప. చుట్టూ 30 డిగ్రీల దగ్గర వేడి ఉంటే చాలు. ఖోన్ కేన్‌లో ఏడాదిలో ఎక్కువ భాగం ఆ వేడి ఎండే ఇస్తుంది, చలి నెలల్లో తొట్ల మీద పట్టా కప్పుతారు, అంతే. అదే నెదర్లాండ్స్‌లో అయితే షెడ్డుని హీటర్లతో వెచ్చబెట్టాలి. అక్కడి మీల్‌వార్మ్ ఫారం మీద 2012లో వచ్చిన అధ్యయనంలో రెండూ కనిపిస్తాయి. ఒకే మోతాదు ప్రొటీన్ తీయడానికి మీల్‌వార్మ్‌కి ఒక హెక్టారు నేల పడితే కోడికి, పందికి 2 నుంచి 3.5 హెక్టార్లు, గొడ్డుకి 10 హెక్టార్లు. శక్తి ఖర్చులో మాత్రం మీల్‌వార్మ్ కోడిని, పాలని మించిపోయి పంది, గొడ్డు మాంసం సరసకి చేరింది. నీళ్ల సంగతీ అలాంటిదే. మేత పండించడానికి పట్టిన నీళ్లు కలిపి 2015లో ఇటలీ వాళ్లు వేసిన లెక్కలో మీల్‌వార్మ్‌కి కిలోకి 4,300 లీటర్ల పైన తేలింది, కోడి మాంసానికీ దాదాపు అంతే. "కీచురాయికి గుక్కెడు నీళ్లు చాలు" అనే ప్రకటనలు కనిపిస్తే, అది తాగే నీళ్ల మాట, తినే మేత వెనకున్న నీళ్ల మాట కాదు అని గుర్తుపెట్టుకోండి.

డబ్బు పరంగా కూడా గాలి మారింది. ఫ్రాన్స్‌లో 2011లో మొదలైన ఇన్‌సెక్ట్ అనే కంపెనీ అమియాఁ దగ్గర మీల్‌వార్మ్‌లకి ఆకాశమంత ఎత్తు ఫ్యాక్టరీ కట్టింది. వందల మిలియన్ల డాలర్ల పెట్టుబడి తెచ్చి కూడా 2024లో అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరుకుంది, 2025 చివర్లో లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులమ్మి మూసేసే దశలోకి పోయింది. యూరప్‌లో పర్మిషన్లకి కొరత లేదు. 2021లో ఎండు మీల్‌వార్మ్‌ని, తర్వాత మిడతని, కీచురాయిని మనుషుల ఆహారంగా ఒప్పుకున్నారు. సింగపూర్ 2024లో 16 రకాల పురుగులకి సరే అంది. కానీ ఇన్‌సెక్ట్ సరుకులో ఎక్కువ భాగం చేపల మేతకీ కుక్కల తిండికీ ఉద్దేశించినది. అక్కడ సోయాతో, చేపల పొడితో ధరలో పోటీ పడాలి. మేతని కొని, దాన్ని పురుగుగా మార్చి, మళ్లీ మేతగానే అమ్మడం ఎంత కష్టమో ఫీడ్ మిల్లులో కూర్చున్నవాళ్లకి ముందే తెలుసు.

ఇప్పుడు పప్పు మాట. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో, 119 దేశాల్లో దాదాపు 38 వేల ఫారాల లెక్కలు కలిపి చూస్తే, 100 గ్రాముల ప్రొటీన్‌కి వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులు ఇలా ఉన్నాయి: మాంసం కోసం పెంచే గొడ్డుకి సగటున 50 కిలోలు, కోడికి 6 కిలోల లోపు, గుడ్డుకి 4 పైన, బఠాణీకి అర కిలో కూడా లేదు. కీచురాయి కోడి కన్నా ఎంత మెరుగైనా, సోయా తిని పెరిగిన పురుగు ఆ గింజల్ని దాటలేదు. గింజని నేరుగా తింటే సరిపోయేదానికి మధ్యలో ఒక జీవిని పెట్టాక కొంత పోవాల్సిందే. కంది, పెసర, శనగ పైగా గాలిలోంచి నత్రజని పట్టి నేలకి ఎంతో కొంత ఇచ్చి పోతాయి. పురుగుల పొడి ప్రచారమంతా స్టేక్ (గొడ్డు మాంసం ముక్క) తినే దేశాల కోసం రాసింది. మన ఇళ్లలో వారంలో ఎక్కువ పూటలు పప్పు, సాంబారు, గుడ్డు, ఆదివారం చికెన్. మీ తమ్ముడి బార్ ఇందులో దేన్ని తీసేసి ఆ చోటులోకి వస్తోందో చూసుకుంటే లెక్క తేలిపోతుంది. అయితే బీ12 విషయంలో పప్పు కన్నా కీచురాయి మెరుగు, అది ఒప్పుకోవాలి. గుడ్డు తినని ఇంట్లో కీచురాయి తింటారా అన్నది వేరే సంగతి!

పురుగులు తినడం మనకి కొత్తేమీ కాదు. తొలకరి పడిన రాత్రి దీపం కింద పళ్లెంలో నీళ్లు పెట్టి ఉసిళ్లు పట్టి, వేయించి, బియ్యమో శనగలో కలుపుకుని తినడం రాయలసీమలో, తెలంగాణలో పెద్దవాళ్లందరికీ తెలుసు. పర్యావరణం లెక్కలో ఆ పళ్లేనికి సాటి ఏదీ లేదు: దాణా లేదు, షెడ్డు లేదు, కరెంటు లేదు. కాకపోతే అది ఏడాదికి నాలుగు రాత్రుల తిండి, దాన్ని పెంచి బస్తాల్లో అమ్మలేం.

మీ షెడ్డు సంగతికి వస్తే, కీచురాళ్లతో మొదలుపెట్టొద్దనే నా సలహా. ఆ జీవికి 30 డిగ్రీలు హాయి గానీ, అనంతపురం మే నెల ఎండలో రేకుల షెడ్డు లోపల అది మాడిపోతుంది. చల్లబరచడానికి ఫాగర్లు, కూలర్లు పెట్టారంటే కరెంటు బిల్లుతో పాటు మీరు చెప్పుకుందామనుకున్న "పర్యావరణ హితం" కూడా పోతుంది. జబ్బు ఇంకో టెన్షన్. 2010 ప్రాంతంలో డెన్సోవైరస్ ఉత్తర అమెరికాలో ఇంటి కీచురాళ్ల ఫారాల్ని తుడిచిపెట్టేసింది, పెద్ద పెద్దవాళ్లే మూసేసుకున్నారు. దానికి మందు లేదు, టీకా లేదు, షెడ్డు ఖాళీ చేసి కడుక్కోవడమే. అన్నిటికన్నా ముందు అడగాల్సింది కొనేదెవరు అని. ఈసాన్‌లో సంతకి తీసుకెళ్తే సాయంత్రానికి అయిపోతుంది. మీ దగ్గర ఆ సంత లేదు. పొడి చేసి అమ్ముదామంటే కిలో పొడికి మూడు నాలుగు కిలోల పచ్చి పురుగు కావాలి, దాన్ని ఎండబెట్టడానికి మళ్లీ కరెంటు.

మీకు నిజంగా ఈ దారిలోనే ఆసక్తి ఉంటే దగ్గర్లోనే ఇంకో పురుగు ఉంది, దాన్ని కొత్తగా పెంచక్కర్లేదు కూడా. హిందూపురం, మదనపల్లె వైపు, బోర్డర్ దాటితే శిడ్లఘట్ట, రామనగరం వైపు పట్టు రీలింగ్ యూనిట్లకి ఒకసారి వెళ్లి చూడండి. గూడు నుంచి దారం లాగేశాక వేడి నీళ్ల తొట్టిలో ప్యూపా, అంటే గూడు లోపలి పట్టుపురుగు మిగులుతుంది. కిలో ముడి పట్టు తీస్తే ఎండబెట్టిన లెక్కన రెండు కిలోల దాకా వస్తుంది. అందులో సగం పైన ప్రొటీన్, పావు వంతు పైన కొవ్వు. ఆ మల్బరీ తోటకి పెట్టిన నీళ్లు, ఎరువు చీర కోసం ఎలాగూ ఖర్చయ్యాయి, ప్యూపా కోసం అదనంగా ఒక్క ఎకరం కూడా సాగు చేయక్కర్లేదు. కొరియాలో దీన్ని ఉడకబెట్టి వీధుల్లో అమ్ముతారు. అస్సాంలో ఆముదం ఆకు తినే ఏరి పురుగు ప్యూపాని ఇష్టంగా తింటారు. మన దగ్గర యూనిట్ గేటు దాకా వెళ్లకముందే ఆ కంపు మనల్ని పలకరిస్తుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి తడి ప్యూపా గంటల్లో పాడైపోతుంది, కుప్ప పోసి వదిలేస్తే ఎందుకూ పనికిరాదు. వచ్చినది వచ్చినట్టు అదే రోజు ఆరబెట్టి, నూనె తీసి, చెక్కని కోళ్ల దాణాలోనో చేపల మేతలోనో వాడితే అంత మేర సోయా, చేపల పొడి మిగులుతాయి. దాణాలో వాడి చూసినదాన్నే కాబట్టి చెబుతున్నాను, నూనె సరిగ్గా తీయకపోతే ఆ వాసన గుడ్డుకీ, మాంసానికీ పడుతుంది. లేయర్ రైతులు భయపడేది అందుకే. మనుషుల తిండికైతే ఇంకా పెద్ద శుభ్రత కావాలి. మల్బరీ మీద ఏ మందు కొట్టారో, తొట్టి నీళ్లు ఎన్నిసార్లు మార్చారో తెలియకుండా ఆ పని చేయకూడదు. మీ షెడ్డులో డ్రయ్యర్ పెట్టి దగ్గరి యూనిట్ల ప్యూపాని రోజూ ఎత్తుకొచ్చే ఏర్పాటు కుదురుతుందా అన్నది ముందు ఒక రీలర్‌ని అడిగి చూడండి, ధర, రవాణా రెండూ అక్కడే తేలుతాయి.

ఇక మీ తమ్ముడి బార్. డబ్బులు పెట్టి కొన్నాడు కాబట్టి తినేయమనండి, నష్టమేమీ లేదు. ఒక్కటే చూసుకోవాలి: రొయ్యలు, పీతలు పడనివాళ్లకి కీచురాళ్లు కూడా పడకపోవచ్చు, రెండింటిలోనూ అలర్జీ తెచ్చే ప్రొటీన్ ఒకే కోవకి చెందినది. మీ ఇంట్లో ఎవరికైనా రొయ్యల కూర తింటే దద్దుర్లు వస్తాయంటే ఆ ప్యాకెట్ వాళ్లకి అందకుండా ఉంచండి.